సంపులో ఏం కలుస్తోంది?

నిజాంపేటలోనో బాచుపల్లిలోనో అద్దెకు ఫ్లాట్ చూడటానికి వెళ్లినవాళ్లు గదుల కొలతల కంటే ముందు వాచ్‌మన్‌ను అడిగే మాట ఒకటుంది: "అన్నా, మంజీరా వస్తదా, బోరేనా?" నల్లాలో కృష్ణా నీళ్లొచ్చినా, గోదావరి నీళ్లొచ్చినా హైదరాబాద్ వాసికి అది మంజీరాయే. అది ఉందంటే అద్దె నాలుగు డబ్బులు ఎక్కువైనా మాట కుదురుతుంది. "రెండూ ఉన్నయి సార్" అంటాడు వాచ్‌మన్. శివారు అపార్ట్‌మెంట్లలో చాలామటుకు అది నిజమైన జవాబే. చిక్కు కూడా అందులోనే ఉంది.

ఆ రెండూ పడేది ఒకే సంపులో. నగర నీటి సరఫరా సంస్థ జలమండలి ఇచ్చే నీళ్లు రోజు విడిచి రోజు, కొన్నిచోట్ల ఇంకా ఆలస్యంగా, ఓ గంటో రెండు గంటలో వస్తాయి. సంపు సగం నిండుతుంది. మిగతా సగం బోరు మోటారు నింపుతుంది. ఎండలు ముదిరి బోరు గాలి పోయడం మొదలుపెడితే ట్యాంకర్ వచ్చి పైపు దించుతుంది. ప్రైవేటు ట్యాంకర్ తెచ్చేవీ చాలాసార్లు పక్క ఊరి బోరు నీళ్లే. అన్నీ కలిసి పై ట్యాంకుకెక్కి వంటింటికీ, స్నానాల గదికీ, ఫ్లష్‌కూ ఒకే గొట్టంలో దిగుతాయి. నిన్న సబ్బు చక్కగా నురగ కట్టిన నల్లాలోనే ఇవాళ ఎంత రుద్దినా నురగ రాదు. సబ్బు మారలేదు. సంపులో పాళ్లు మారాయి.

శివార్లలో నీటి గురించి మాటలు ఏ ఫిల్టర్ కొనాలన్న దగ్గర మొదలై అక్కడే ఆగిపోతున్నాయి. సంపు మూత ఎత్తి చూసేవాళ్లు తక్కువ. ఇంటింటికీ ఒక యంత్రం చేరింది కానీ, తమ ఇంటి నీటి కాఠిన్యం ఎంతో అంకె చెప్పగలిగినవాళ్లు వెతికినా దొరకరు. ఆ అంకె తెలియకుండా పెడుతున్న ఖర్చే ఇక్కడ అసలు నష్టం.

రాతి అడుగు నుంచి

హైదరాబాద్ కూర్చున్నది గ్రానైటు మీద. నీటికి కాఠిన్యం తెచ్చే కాల్షియం, మెగ్నీషియం ఆకాశం నుంచి పడే చినుకులో దాదాపు ఉండవు. మట్టిలోకి దిగుతూ అక్కడి కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని ఆ నీరు కాస్త ఆమ్లగుణం తెచ్చుకుంటుంది. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, ఫెల్‌స్పార్ లాంటి ఖనిజాలనూ మట్టి అడుగున గడ్డకట్టిన సుద్దనూ కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. రాతిని ఎంత కాలం అంటిపెట్టుకుని ఉంటే కాఠిన్యం అంత పెరుగుతుంది. వెయ్యి అడుగుల బోరు పోసే నీళ్లు మొన్నటి వానవి కావు. నదిలో పారి జలాశయంలో నిలిచిన నీటికి రాతితో అంత సావాసం ఉండదు కాబట్టి అవి బోరు నీటి కంటే మెత్తన.

భారత ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన తాగునీటి ప్రమాణం, ఐఎస్ 10500, కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలంటుంది. వేరే నీటి దారి లేనిచోట 600 దాకా సరిపెట్టుకోవచ్చంటుంది. నీటిలో కరిగిన లవణాలన్నిటి మొత్తానికి, అంటే టీడీఎస్‌కు, ఇవే హద్దులు 500, 2000. అమెరికా భూగర్భ సర్వే సంస్థ 180 దాటిన నీటిని 'చాలా కఠినం' అనే వరుసలో పెడుతుంది.

600 అంటే ఎంతో ఇంటి లెక్కలో చూస్తే గుండె గుభేలుమంటుంది. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలన్నది కేంద్ర ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ కొలత. నలుగురున్న ఇంటికి 540 లీటర్లు. లీటరుకు 600 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 324 గ్రాములు, ఏడాదికి దాదాపు 118 కిలోలు. రెండు సిమెంటు బస్తాల బరువు మించిన సున్నపు సరుకు ఒక్క ఫ్లాట్ గొట్టాల్లోంచి ఏటా పారిపోతోందన్నమాట. అందులో ఎక్కువ భాగం డ్రైనేజీలోకి వెళ్లిపోతుంది. పోకుండా ఆగిపోయిన కొద్దిపాటే షవర్ రంధ్రాలు పూడ్చేది, టైల్స్ తెల్లబరిచేది, స్టీలు గ్లాసుల మీద చుక్కలు పెట్టేది.

పప్పు చెప్పే జోస్యం

వంటింట్లో కాఠిన్యాన్ని ముందుగా పసిగట్టేది కందిపప్పు. పప్పు బద్దలో కణాలను కలిపి పట్టి ఉంచే జిగురు పెక్టిన్. ఉడికేటప్పుడు ఆ జిగురు కరిగితేనే పప్పు మెదుగుతుంది. నీటిలోని కాల్షియం పెక్టిన్‌తో ముడిపడి దాన్ని బిగిస్తుంది. నాలుగు విజిల్స్‌కు మెత్తబడాల్సిన పప్పు ఆరు విజిల్స్ తర్వాత కూడా పలుకుపలుకుగా మిగులుతుంది. ఎండు శనగలు, అలసందల సంగతి చెప్పనే అక్కర్లేదు. చిటికెడు వంటసోడా వేస్తే మెత్తబడుతుంది నిజమే కానీ, ఆ క్షారానికి పప్పులోని థయమిన్ అనే బీ విటమిన్ కొంత నశిస్తుంది. పప్పే ప్రధాన మాంసకృత్తిగా తినే ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. బైకార్బనేట్ ఎక్కువున్న నీళ్లతో వండిన అన్నం పచ్చబారుతుంది. కొత్తగా శివారుకు మారిన ఇల్లాలు బియ్యం కొట్టువాడిని అనుమానిస్తుంది, పాపం వాడి తప్పేమీ ఉండదు.

గీజర్ కథ ఇంకా స్పష్టంగా కంటికి కనపడుతుంది. రెండేళ్లుగా బోరు నీళ్లు తాగుతున్న గీజర్‌ను ప్లంబరు కిందికి దించి ఫ్లాంజ్ బోల్టులు విప్పుతాడు. ముందు బకెట్‌లోకి గులకల్లాంటి తెల్లటి పెళ్లలు గలగలా రాలతాయి. తర్వాత ఎలిమెంట్ బయటికొస్తుంది. వేలి మందం ఉండాల్సిన రాగి కడ్డీ మూడింతలు లావెక్కి, గరుకుగా, అక్కడక్కడా తుప్పు మరకలతో ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొనతో తడితే పెచ్చు ఊడి కింద నల్లబడ్డ లోహం కనిపిస్తుంది. పక్కన ఉండాల్సిన మెగ్నీషియం కడ్డీ అరిగి తీగ మాత్రమే మిగులుతుంది. ట్యాంకును తుప్పు తినకుండా తాను కరిగిపోవడమే ఆ కడ్డీ పని. దాన్ని మార్చాలని చాలా ఇళ్లలో తెలియనే తెలియదు.

ఇదంతా వేడి చేసిన పని. నీటిలో కాల్షియం బైకార్బనేట్‌గా కరిగి ఉన్నంతసేపు కనపడదు. కాగినప్పుడు బైకార్బనేట్ విడిపోయి కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది, కరగని కాల్షియం కార్బనేట్ అడుగుకు చేరుతుంది. ఎక్కడ వేడి ఎక్కువో అక్కడే పేరుకుంటుంది కాబట్టి ఎలిమెంట్‌కు రగ్గు కప్పినట్టవుతుంది. వేడి నీటికి చేరడం కష్టమై కరెంటు బిల్లు పెరుగుతుంది, లోపల కాలి కాలి ఎలిమెంట్ పోతుంది. థర్మోస్టాట్‌ను 55 డిగ్రీల దగ్గర ఆపితే ఈ పేరుకోవడం బాగా నెమ్మదిస్తుంది. కాచిన నీళ్ల గిన్నె అడుగు తెల్లబడటమూ ఇదే. అలా కాచితే పోయేదాన్ని తాత్కాలిక కాఠిన్యం అంటారు. సల్ఫేట్లు, క్లోరైడ్లతో జతకట్టిన కాల్షియం, మెగ్నీషియం ఎంత కాచినా పోవు.

పేరుకున్నదాన్ని వదిలించడానికి నిమ్మ ఉప్పు, వెనిగర్ చాలు. షవర్ తలను విప్పి రాత్రంతా వెనిగర్‌లో నానబెడితే పొద్దుటికి రంధ్రాలు తెరుచుకుంటాయి. టైల్స్‌కు చాలామంది వాడే హైడ్రోక్లోరిక్ యాసిడ్ విషయంలో మాత్రం ఒక హెచ్చరిక తప్పదు. దాన్ని బ్లీచింగ్ పౌడర్‌తో గానీ బ్లీచ్ ద్రావణంతో గానీ కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న బాత్రూంలో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. ఇళ్లలో పని చేసే ఆడవాళ్లకు ఈ మాట యజమానులే విడమరిచి చెప్పాలి.

జుట్టు, కిడ్నీ, చర్మం

"ఈ నీళ్లకు జుట్టంతా ఊడిపోతోంది." శివారు కాలనీల్లో ఇంతగా వినిపించే ఫిర్యాదు మరొకటి లేదు. పరిశోధనలు ఒకే మాట చెప్పడం లేదు. కోయంబత్తూరు వైద్యులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో 15 మంది వెంట్రుకలను కఠిన జలంలోనూ స్వేదన జలంలోనూ ఉంచి చూస్తే బలంలో, సాగే గుణంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. 2018లో పాకిస్థాన్ పరిశోధకులు 70 మంది మగవాళ్ల వెంట్రుకలతో చేసిన ప్రయత్నంలో కఠిన జలం బలాన్ని తగ్గించిందని తేలింది. రెండూ కత్తిరించిన వెంట్రుక మీద చేసినవే. తలలో కుదురు నుంచి ఊడటం వేరే సంగతి. రక్తహీనత, థైరాయిడ్, ప్రసవం తర్వాతి మార్పులు, వంశపారంపర్యం వంటి కారణాలను వదిలేసి నీళ్లను ఒక్కదాన్నే పట్టుకుంటే వైద్యం ఆలస్యమవుతుంది. సున్నం, సబ్బు కలిసి ఏర్పడే జిడ్డు తెట్టు వెంట్రుక మీద పేరుకుని గరుకుగా, చిక్కుగా చేసే మాట మాత్రం నిజం. సబ్బు కాని షాంపూ వాడి, చివర్లో ఒక చెంబుడు మెత్తటి నీళ్లు పోసుకుంటే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

కిడ్నీలో రాళ్ల భయం ఇంకా పెద్దది. గీజర్‌లో పెళ్లలు చూసిన కళ్లతో మనిషి ఒంట్లోనూ అలాగే పేరుకుంటాయనుకోవడం సహజమే కానీ శరీరం పని చేసే తీరు అది కాదు. రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్. తిన్న తిండిలోని ఆక్సలేట్‌ను పేగుల్లోనే పట్టుకుని బయటికి పంపడానికి కాల్షియమే తోడ్పడుతుంది. రాళ్లకు పెద్ద కారణం రోజంతా నీళ్లు తక్కువ తాగడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కాఠిన్యానికి ఆరోగ్యపరమైన హద్దు ఏదీ పెట్టలేదు. నీళ్ల రుచికి భయపడి తాగడమే తగ్గించినవాళ్లు తెలియకుండా ముప్పు కొనితెచ్చుకుంటున్నారు.

ఎగ్జిమా అనే చర్మవ్యాధి ఉన్న పిల్లల ఇళ్లలో నీటిని మెత్తబరిచే యంత్రాలు పెట్టి బ్రిటన్‌లో 336 మంది మీద పరీక్ష జరిపారు. మామూలు వైద్యం కంటే అదనపు మేలేమీ కనపడలేదని 2011లో ప్రకటించారు.

రంగు మారే గ్లాసు

మరి ఇంటింటికీ ఆర్వో (రివర్స్ ఆస్మోసిస్) వడపోత యంత్రం ఎలా చేరింది? అందులో కొంత వాటా ఒక చిన్న ప్రదర్శనది. ఆదివారం పొద్దున తలుపు తట్టిన కుర్రాడు సంచిలోంచి ప్లగ్గున్న ఒక పరికరం తీస్తాడు. రెండు గ్లాసుల్లో ఒకటి ఆ ఇంటి నల్లా నీళ్లతో, రెండోది తన సీసాలోని ఆర్వో నీళ్లతో నింపుతాడు. జంట కడ్డీలను రెంటిలోనూ ముంచి స్విచ్చి వేస్తాడు. అర నిమిషంలో నల్లా నీళ్లు పసుపెక్కి, ఆపైన గోధుమ, ముదురు ఆకుపచ్చ రంగులకు మారి, పైన నురగ తేలుతుంది. ఆర్వో నీళ్లు అలాగే తేటగా ఉంటాయి. "చూడండమ్మా, పిల్లలకు మీరు తాగిస్తున్నది ఇదే." ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

ఆ రంగు నీటిది కాదు, కడ్డీలది. వాటిలో ఒకటి ఇనుము. లవణాలున్న నీటిలో కరెంటు పారుతుంది, పారితే ఇనుము కరిగి తుప్పుగా తేలుతుంది. లవణాలు తీసేసిన నీటిలో కరెంటు సరిగా పారదు కాబట్టి కడ్డీ కరగదు. మంచి నది నీళ్లు పోసినా ఆ గ్లాసు అలాగే మురికెక్కుతుంది. ఆర్వో నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ స్విచ్చి వేయమంటే అదీ రంగు మారుతుంది. ఒక తల్లిని భయపెట్టి బేరం కుదుర్చుకునే ఈ పద్ధతి సిగ్గుమాలినది. బిడ్డ పేరు చెప్పి చేసే మోసానికి ఇంతకంటే మెత్తటి మాట వాడాల్సిన పని లేదు.

అదే సంచిలో ఉండే టీడీఎస్ పెన్ను మోసం కాదు కానీ, అది చెప్పేది చాలా తక్కువ. నీటిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో కొలిచి, దాన్నిబట్టి లవణాల మొత్తాన్ని అంచనా కడుతుంది. ఆ లవణాల్లో వంట ఉప్పు ఎంత, సున్నం ఎంత అన్నది దానికి తెలియదు. ఫ్లోరైడ్, నైట్రేట్‌లను విడిగా చూపించదు. బ్యాక్టీరియాను అసలే చూడలేదు. టీడీఎస్ 150 చూపించిన గ్లాసులో కలరా క్రిమి ఉండొచ్చు. కంటికి తేటగా ఉండటమూ భరోసా కాదు. బిందెలో చిల్లగింజ అరగదీసి బురద నీళ్లు తేర్చుకున్న పాతకాలం పెద్దలకు మట్టిని దింపే విద్య తెలుసు. తేరిన నీటిలోనూ కాఠిన్యం అలాగే ఉంటుంది.

ఆర్వో పొర కాల్షియం, ఫ్లోరైడ్, నైట్రేట్ అన్నిటినీ చాలావరకు ఆపుతుంది. టీడీఎస్ నిజంగా ఎక్కువున్నచోట దాని అవసరం ఉంది. దాని ఖరీదు మాత్రం రూపాయల్లోనే కాదు, నీళ్లలోనూ కట్టాలి. మామూలు ఇంటి యంత్రం లీటరు మంచినీళ్లిచ్చి రెండు మూడు లీటర్లు పారబోస్తుంది. 50 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో ఇంటికి పది లీటర్లు తీసుకుని, దానికి మూడింతలు వదిలేస్తే రోజుకు 1,500 లీటర్లు, ఏడాదికి 5 లక్షల 47 వేల లీటర్లు. అవతల అదే అపార్ట్‌మెంట్ మే నెలలో ట్యాంకర్ కోసం క్యూలో ఉంటుంది. 2019 మేలో జాతీయ హరిత ట్రిబ్యునల్ టీడీఎస్ 500 లోపున్న నీటికి ఆర్వో వాడకాన్ని ఆపాలనీ, వాడేచోట కనీసం 60 శాతం నీళ్లు చేతికి రావాలనీ ఆదేశించింది. తర్వాత ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నది నీళ్లొచ్చే ఇంట్లో ఆర్వో ఎందుకన్న ప్రశ్న మాత్రం ఎప్పటికీ సబబే. ఆర్వో వదిలిన నీళ్లతో గచ్చు కడగొచ్చు, ఫ్లష్‌కు పోయొచ్చు. బట్టలకు మాత్రం వద్దు, అవి అసలు నీటి కంటే కఠినం.

స్నానాల గదికి సాఫ్ట్‌నర్ వేరే రకం. అందులో రెసిన్ పూసలు కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని బదులుగా సోడియంను వదులుతాయి. పూసలు అలసిపోయాక ఉప్పు నీళ్లతో కడిగితే మళ్లీ పనిలోకి వస్తాయి. టీడీఎస్ తగ్గదు, సబ్బు మాత్రం నురగ కడుతుంది. 100 మిల్లీగ్రాముల కాఠిన్యం తీసేస్తే లీటరులో 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. 600 ఉన్న నీటిని పూర్తిగా మెత్తబరిస్తే 276. బీపీ ఉన్నవాళ్లు ఆ నీళ్లు తాగకూడదు, బాల్కనీలో తులసి మొక్కకూ పోయకూడదు. వంటింటి నల్లాను సాఫ్ట్‌నర్ బయట ఉంచాలన్న మాట అమ్మేవాళ్లు చెప్పరు, కొనేవాళ్లు అడగరు. ఇక షవర్‌కు తగిలించే అరచేతిలో పట్టేంత ఫిల్టర్లలో చాలామటుకు క్లోరిన్‌ను తగ్గించగలవేమో గానీ, అంత కొంచెం సరుకుతో రోజూ వందల లీటర్ల కాఠిన్యాన్ని తీయడం సాధ్యం కాదు. గొట్టానికి చుట్టే అయస్కాంతాలు నీటిలోంచి ఒక్క మిల్లీగ్రాము కాల్షియంను కూడా బయటికి తీయవు.

పైపు కంటే ముందొచ్చిన ఊరు

శివారు ఇలా బోరు మీద ఎందుకు బతుకుతోందంటే, ఇక్కడ ఇళ్లు ముందొచ్చాయి, పైపు తర్వాతొచ్చింది. 1908 సెప్టెంబరు మూసీ వరద హైదరాబాద్‌ను ముంచాక ఇంజినీరు విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన ఉస్మాన్‌సాగర్ (గండిపేట చెరువు) 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. గండిపేట నీళ్లు తాగినవాడు ఈ ఊరు వదలడనే మాట ఆ చెరువు నీటి రుచి మీద పుట్టిందే. ఊరు పెరిగింది. 1965 నుంచి మంజీరా, 2004, 2008, 2015లలో మూడు దశలుగా కృష్ణా, 2015లోనే ఎల్లంపల్లి నుంచి గోదావరి వచ్చాయి. కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్ వంటి 12 మున్సిపాలిటీలు 2007లో జీహెచ్‌ఎంసీలో కలిశాయి. 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు చుట్టూ ఊళ్లు అపార్ట్‌మెంట్లుగా లేచాయి. ప్రతి లేఅవుట్‌లోనూ మొదటి పునాది కంటే ముందు దిగింది బోరు రిగ్గే.

డ్రైనేజీ లైను కూడా ఆలస్యంగానే వచ్చింది. సెప్టిక్ ట్యాంకులు నిండి భూమిలోకి ఇంకినచోట బోర్లలో నైట్రేట్ పెరుగుతుంది. ప్రమాణం దీనికి పెట్టిన హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు, ఎలాంటి సడలింపూ లేకుండా. సీసా పాలు తాగే ఆరు నెలల లోపు పసికందుల రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తిని నైట్రేట్ దెబ్బతీస్తుంది. కాస్తే పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కనవుతుంది. ఫ్లోరైడ్ కూడా కాచినంత మాత్రాన పోదు. దాని హద్దు 1, తప్పనిసరైతే 1.5 మిల్లీగ్రాములు. పక్కనే ఉన్న నల్లగొండ జిల్లాలో వంగిపోయిన వెన్నెముకలు చూసిన తెలంగాణకు ఆ అంకె గురించి వేరే చెప్పాల్సిన పని లేదు. తెల్లటి చారల్ని చూసి బెంబేలెత్తే ఇళ్లు, కంటికి ఆనని ఈ రెంటినీ ఎప్పుడూ పరీక్ష చేయించకపోవడం బాధాకరం.

నది నీళ్లైనంత మాత్రాన పూర్తి భరోసా కూడా లేదు. 2009 మేలో నగరం నడిబొడ్డున భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన నీళ్లు తాగి జనం చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. ఆ తరహా ముప్పును ఆపేది నల్లా చివర దాకా మిగిలే క్లోరిన్, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు. రసాయనం రెండు చుక్కలు వేస్తే నీళ్లు లేత పసుపు రంగుకు మారాలి, జలమండలి సిబ్బంది వీధి నల్లాల దగ్గర చూసేది అదే. నది నీళ్లు సంపులో దిగి బోరు నీళ్లతో కలిసి, నెలల తరబడి కడగని ట్యాంకులో నిలిచాక ఆ క్లోరిన్ ఎంత మిగులుతుందో ఊహించుకోవచ్చు. కలపడం వల్ల మెత్తదనంతో పాటు రక్షణ కూడా పోతోంది.

రెండు గొట్టాలు

దారి సంపు దగ్గరే ఉంది. తాగడానికి, వంటకు ఒక ఇంటికి రోజుకు 40 లీటర్లు ధారాళంగా సరిపోతాయి. 50 ఫ్లాట్లకు 2,000 లీటర్లు. రోజు విడిచి రోజు వచ్చే నది నీళ్లను విడిగా పట్టి ఉంచడానికి 5,000 లీటర్ల ట్యాంకు ఒకటి చాలు, మామూలు ట్యాంకర్ ఒకటి మోసేన్ని నీళ్లు. దాని నుంచి వంటింటి నల్లాకు వేరే గొట్టం వేస్తే మిగతా ఇల్లంతా బోరు నీళ్ల మీద నడిచినా ఫరవాలేదు. కొత్తగా కట్టే భవనంలో ఈ రెండో గొట్టం ఖర్చు లిఫ్టు, జిమ్ము ఖర్చుల పక్కన లెక్కలోకే రాదు. ఉన్న భవనాల్లో షాఫ్టు గుండా బయటి నుంచి వేయొచ్చు. 50 ఇళ్లు విడివిడిగా ఆర్వోలు కొని, ఏటా ఫిల్టర్లు మార్చి, సర్వీసు కాంట్రాక్టులు కట్టే డబ్బును ఒకచోట చేర్చి చూస్తే అసోసియేషన్ సమావేశంలో వాదన ఇక మిగలదు.

రెండోది వాన. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. 500 గజాల డాబా మీద, అంటే 418 చదరపు మీటర్ల మీద, ఏటా 3 లక్షల లీటర్లకు పైగా పడి రోడ్డు మీదికి పోతోంది. అంత మెత్తటి నీళ్లు డబ్బులిచ్చినా దొరకవు. మొదటి వానను వదిలేసి, ఇసుక, కంకర వేసిన వడపోత గుంట గుండా బోరు పక్కన ఇంకిస్తే నీటి మట్టంతో పాటు కాఠిన్యం కూడా ఏళ్ల మీద మెరుగుపడుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం నుంచి ఇంకుడు గుంతలు కాగితం మీద తప్పనిసరే. చాలాచోట్ల ఆ గుంత మీద ఇప్పుడు కారు ఆగి ఉంటుంది.

అన్నిటికంటే ముందు చేయాల్సింది కొలవడం. కాఠిన్యం పరీక్ష ఇంజినీరింగ్ మొదటి ఏడాది కెమిస్ట్రీ ల్యాబ్‌లో పిల్లలు చేసేదే. కుప్పెలో 50 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, అమ్మోనియా బఫర్ కలిపి, ఎరియోక్రోమ్ బ్లాక్ టి సూచిక వేస్తే ద్రాక్షపండు ఎరుపు వస్తుంది. బ్యూరెట్ నుంచి ఈడీటీఏ ద్రావణాన్ని చుక్కచుక్కగా వదలాలి. ఎరుపు ఊదాగా మారి, కాసేపు అక్కడే ఊగిసలాడి, ఒక్క చుక్కతో స్వచ్ఛమైన నీలమవుతుంది. ఈడీటీఏ గాఢత 0.01 మోలార్ అయితే పడిన ప్రతి మిల్లీలీటరూ 20 మిల్లీగ్రాముల కాఠిన్యం. 10 పడితే 200, 30 పడితే 600. కూకట్‌పల్లి, బాచుపల్లి చుట్టూ ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలుండగా, ఒక కాలనీ బోర్లన్నిటినీ కొలిచి పటం గీయడం ఒక సెమిస్టర్ ప్రాజెక్టు కాకపోవడానికి కారణం కనపడదు.

ఫ్లోరైడ్, నైట్రేట్, బ్యాక్టీరియాలతో సహా పూర్తి పరీక్షకు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, గుర్తింపు పొందిన ప్రైవేటు ల్యాబ్‌లు ఉన్నాయి. నల్లాలో రంగు, వాసన మారితే జలమండలి 155313 నంబరుకు చెప్పొచ్చు. నమూనా పట్టేముందు నల్లాను రెండు మూడు నిమిషాలు వదలాలి. బ్యాక్టీరియా పరీక్షకు ల్యాబ్ ఇచ్చిన శుద్ధి చేసిన సీసాలోనే పట్టి, చల్లగా ఉంచి, అదే రోజు అందించాలి. బోరుది, నది నీళ్లది, పై ట్యాంకుది మూడూ వేర్వేరుగా పంపితేనే ఎక్కడ ఏం చేరుతోందో తెలుస్తుంది. మే నెలాఖరులో ఒకసారి, వానలు వెనకబట్టాక అక్టోబరులో ఒకసారి చేయించి, లిఫ్టు పక్కన నోటీసు బోర్డు మీద మెయింటెనెన్స్ లెక్కలతో పాటు అంటించాలి.

వంటింటి నల్లాలో టీడీఎస్ 500 లోపు, నైట్రేట్, ఫ్లోరైడ్ హద్దుల్లో వచ్చిన ఇంటికి ఆర్వో అక్కర్లేదు. అతినీలలోహిత కాంతి ఫిల్టరో, పొంగేదాకా కాచి చల్లార్చిన నీళ్లో చాలు. టీడీఎస్ హద్దులో ఉండి కాఠిన్యం ఒక్కటే ఎక్కువైతే గీజర్‌కు, వాషింగ్ మెషీన్‌కు సాఫ్ట్‌నర్ పెట్టి వంటింటిని వదిలేయొచ్చు. నైట్రేట్ లేదా ఫ్లోరైడ్ హద్దు దాటిందంటే మాత్రం ఆ బోరు నీళ్లు ఆ రోజు నుంచే తాగడం మానాలి, ముఖ్యంగా పసిపిల్లలున్న ఇంట్లో.